నా పేరు మీద అమ్మ వంట

పక్క ఫ్లాటు స్రవంతి పోయిన నెల ఒక ఆదివారం మా తలుపు తట్టింది. వరంగల్ పిల్ల. కంప్యూటర్ ఉద్యోగం, భర్తది కూడా అదే పని. "ఆంటీ, ఇంట్ల ఏం లేవు. ఏం వండాలో సమజైతలేదు" అంది. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని కనుక, ఎవరైనా ఏమీ లేదంటే ఆ సున్నాను ఒకసారి సరిచూడకపోతే నాకు తోచదు. వెళ్లి ఫ్రిజ్ తెరిచాను. సగం క్యాబేజీ, నాలుగు టమాటాలు, వాడిన కొత్తిమీర, గిన్నెడు పెరుగు, గుడ్లు. అలమరలో బియ్యం, మూడు రకాల పప్పులు, పల్లీలు, నువ్వులు, చింతపండు. "ఏమీ లేకపోవడం ఇదైతే, ఉండటం ఎట్లా ఉంటుందమ్మా?" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేను ఏం చేయాలో చెప్పడం మొదలుపెట్టేలోపే ఆమె భర్త ఫోన్లో ఏదో నొక్కాడు. అరగంటలో డబ్బాలు గుమ్మంలోకి వచ్చాయి. నన్నూ కూర్చోమన్నారు, తిన్నాను. రుచిగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఇంటికి వచ్చాక మాత్రం అమ్మ గుర్తుకొచ్చింది. ఇంట్లో ఉన్నవాటితో వండటంలో ఆమెకు సాటి వచ్చేవాళ్లను నేను చూడలేదు. కానీ నాకు గుర్తుకొచ్చింది ఆమె నేర్పు కాదు. ఒకప్పుడు కొన్ని వారాలపాటు ఆమె వండిన వంట నా పేరు మీద చెల్లింది. ఆ సంగతి నా నోటితో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. అప్పుడు వండిన మనిషీ, తిన్న మనిషీ ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది కనుక ఇప్పుడు చెబితే నొచ్చుకునేవాళ్లు ఎవరూ లేరు.

అప్పట్లో మేము నాచారంలో ఉండేవాళ్లం. ఉప్పల్ ఇంకా ఊరే, హబ్సిగూడ దాటాక రోడ్డుకు రెండువైపులా జొన్నచేలే కనిపించేవి. నాచారంలో ఫ్యాక్టరీలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. మా నాయన ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. వరుసగా కట్టిన అయిదిళ్లలో మాది చివరిది. ముందు ఒక గది, దాని వెనక వంటిల్లు, ఆ వెనక అందరూ వాడుకునే బావి. కరెంటు బల్బు ముందు గదికే ఉండేది, వంటింటికి పెరటి తలుపులోంచి వచ్చే వెలుతురే దిక్కు. పొయ్యి పొట్టు పొయ్యి. లాలాపేట్ వైపున్న కట్టెల అడితి నుంచి నాయన సైకిల్ మీద రంపపు పొట్టు బస్తా తెచ్చేవాడు. అడుగున చిల్లి పెట్టిన పెద్ద రేకు డబ్బాలో నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, రోకలిని మెల్లగా పైకి లాగితే పొయ్యి తయారు. పొద్దున్నే ఇల్లంతా తడి చెక్క వాసన వేసేది. ఇప్పటికీ ఎక్కడైనా వడ్రంగి పని జరుగుతుంటే నాకు ఆకలేస్తుంది.

ఆ పొయ్యితో ఒక చిక్కుంది. ఒకసారి దట్టిస్తే రెండు గంటలు మండుతుంది, మధ్యలో పొట్టు వేయడానికి వీలుండదు. అందుకని అమ్మ వంటకు ఒక వరుస ఉండేది. మొదటి పెద్దమంటకు పప్పు ఎక్కించేది. మంట నిలకడకు వచ్చాక అన్నం, అది దిగాక కూర ఉంటే కూర. మంట పడిపోయాక పల్లీలో నువ్వులో మిరపకాయలో వేయించుకునేది, చివరి సెగ పాలకు. ఏం వండాలన్నది ఇంట్లో ఏముందో చూసి ఆమె తేల్చుకునేది, ఏది ముందన్నది పొయ్యి తేల్చేది. మెంతికూర ఒక కట్టే ఉంటే అది పెసరపప్పులో పడేది. కూరగాయలు అసలే లేకపోతే ఉల్లిగడ్డ కూర, ఉల్లిగడ్డ కూడా రెండే ఉంటే పచ్చి పులుసు. నువ్వులు, పల్లీలు, చింతపండు, ఎండుమిరపకాయలు ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఏమీ లేదన్న మాట నేను వినలేదు. అమ్మకు చదువు లేదు. డబ్బాలన్నీ ఒకే తీరు పాత వనస్పతి డబ్బాలు, అయినా ఆమె చూడకుండా చెయ్యి చాపితే కావలసిందే చేతికి వచ్చేది. ఉప్పు పొయ్యి పక్క గూట్లో, పసుపు దాని వెనక, చింతపండు కింద కుండలో. మాట్లాడుతూనే అన్నీ అందుకునేది. మాటలు కూడా తక్కువేం కాదు. మా వాడలో అమ్మ గొంతు అందరికీ తెలుసు.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా ఆ గొంతులో దగ్గు పడింది. మొదట చలి అన్నారు, తర్వాత పొగ అన్నారు, చివరికి ఛాతీ జబ్బని తేలింది. ఊరికి ఆ చివరనున్న పెద్ద దవాఖానాలో ఎనిమిది నెలలు ఉంచారు. చిన్నపిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. నెలకొకసారి రెండు బస్సులు మారి వెళ్లి, కిటికీ అవతలి నుంచి చెయ్యి ఊపి వచ్చేదాన్ని. నాకు తోబుట్టువులు లేరు. ఇంట్లో నాయనా నేనూ మిగిలాం. నాయన అంతకుముందు పొయ్యి దగ్గరికి బీడీ అంటించుకోవడానికి తప్ప వెళ్లినవాడు కాదు. మొదటివారం అన్నం మెతుకు మెతుకుగా కాక ముద్దగా దించాడు, రెండోవారం మాడ్చాడు. మూడోవారం, వంట రాకపోవడానికి కారణం డబ్బాలు పద్ధతిగా లేకపోవడమని తీర్మానించాడు.

ఆ ఆదివారం వంటిల్లంతా ఖాళీ చేసి ఫ్యాక్టరీ స్టోరులా సర్దాడు. బరువైనవి కింద, తేలికవి పైన, రోజూ వాడేవి తలుపు పక్కన, చెమ్మ తగలకూడదు కనుక ఉప్పు అన్నిటికంటే పై అరలో. పెట్టెల మీద గుర్తులు వేసే నల్లరంగు తెచ్చి ప్రతి డబ్బా మీదా పేరు రాశాడు. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది, ఇక్కడ పాతకాలంలో చదువుకున్న వాళ్లందరిలాగే. కనుక కందిపప్పు నుంచి ఆవాల దాకా అన్నీ ఉర్దూలో రాశాడు. నేను చదివేది తెలుగు బడిలో. ఆ అక్షరాలు నాకు తెలియవు, అమ్మకు ఏ అక్షరాలూ తెలియవు. "గిప్పుడు సూడు, కండ్లు మూసుకొని తీసుకోవచ్చు" అన్నాడు నాయన. ఆయన మాత్రమే తీసుకోవచ్చన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. ఎంత ప్రేమతో చేసిన పనైనా ఎవరి కోసం చేస్తున్నామో ఒక్క క్షణం ఆలోచించుకోకపోతే ఇట్లాగే అవుతుంది. ఆయన వంట మాత్రం కుదిరింది. రోజూ పప్పు, అన్నం, ఎల్లిపాయ కారం. పొద్దున ఒకసారి, ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఒకసారి. స్టోరులో సామాను తూచి ఇచ్చినట్టు రోజూ ఒకే రుచి.

వానలు మొదలయ్యే ముందు అమ్మను ఇంటికి పంపారు. ఆ రోజు డాక్టరు నాయనతో ఉర్దూలో చాలాసేపు మాట్లాడాడట. బయటికి వచ్చి నాయన అమ్మతో, "ఆరాం తీసుకోమన్నడు. మందులు ఆపొద్దన్నడు" అని రెండు ముక్కల్లో చెప్పాడు. అమ్మ మునుపటి కంటే ఒళ్లు చేసింది. కానీ గట్టిగా మాట్లాడితే నాలుగో మాటకు దగ్గు తెర వచ్చేది, అందుకని పక్కవాళ్లకు కూడా వినపడనంత మెల్లగా మాట్లాడటం నేర్చుకుంది. మర్నాడే ఉప్పల్ నుంచి మా మేనత్త వచ్చింది. నాయనకు అక్క, చిన్నప్పుడు ఆయన్ను పెంచింది ఆమే. అమ్మ మంచం ముందు గదిలో వేయించి, నాయనను అరుగు మీదికి పిలిచి, "తమ్మీ, ఆమెను పొయ్యి కాడికి పోనియ్యకు. ఆడపిల్ల ఉన్న ఇల్లు. రేపు దీనికేమన్న అంటుకుంటే ఎవలు జవాబు జెప్తరు?" అంది. మెల్లగా చెప్పాననుకుంది. తలుపు ఇటువైపు ఉన్న మా ఇద్దరికీ వినపడింది. ఆమెది దుర్మార్గమని నేననను. ఆ జబ్బుతో పోయినవాళ్లను ఆమె తన ఇంట్లోనే చూసింది.

అప్పటి నుంచి అమ్మకు వేరే పళ్లెం, వేరే చెంబు. వంట నాయనదే. అమ్మ ఒకటి రెండుసార్లు వంటింట్లోకి వెళ్లబోతే ఆయన గబగబా లేచి, "నువ్వు కూసో, నీకెందుకు ఫికర్, నేను జేస్త గద" అనేవాడు. మాట మెత్తగానే ఉండేది. అమ్మ వచ్చి మంచం మీద కూర్చునేది. మూడు నెలలు అట్లా గడిచాయి. రేయింబవళ్లు పొయ్యి దగ్గర తిరిగిన మనిషి చేతులు ఒళ్లో పెట్టుకుని, వంటింట్లోంచి వచ్చే వాసనను బట్టి "పప్పు అడుగంటుతున్నది" అని మెల్లగా అంటూ ఉండేది. ఆమెకు కావలసింది ఒక్కటే, మేమిద్దరం ఆమె చేతి అన్నం తినాలి. ఆ మాట ఆమె నోటితో అనలేదు. మాకు తెలియదనీ నేను చెప్పలేను.

ఒక రోజు బడి నుంచి వానలో తడుస్తూ వచ్చాను. పొద్దుటి అన్నానికి చీమలు పట్టాయి. ఫ్యాక్టరీకి లారీలు వచ్చాయని, సామాను దించుకునేదాకా నాయన రాడని పక్కింటివాళ్లు చెప్పారు. ఆకలి రుచెరుగదంటారు, నేను చీమలు దులిపి ఆ అన్నమే తినబోయాను. అమ్మ నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. వంటింట్లోకి నడిచి పొయ్యిలో పొట్టు దట్టించింది. డబ్బాల దగ్గర మాత్రం తడబడింది. చెయ్యి చాపినచోట ఏదీ లేదు. ఒక్కొక్క మూత తీసి, ఆ మసక వెలుతురులో వేలితో తడిమి, వాసన చూసి, మూత పెట్టింది. ఉప్పు కోసం ఏడు డబ్బాలు తెరిచింది. "గిదేంది బిడ్డా, నా ఇంట్ల నేను దొంగ లెక్క దేవులాడుతున్న" అంది. నవ్వుతూనే అంది.

గుప్పెడు పెసరపప్పు వేసి అన్నం వండింది. సెగ మీద నాలుగు ఎండుమిరపకాయలు కాల్చింది, నువ్వులు వేయించి పొడి చేసింది, చింతపండు పిండి రసం తీసింది. పచ్చి పులుసుకు సిద్ధం చేస్తోందని తెలిసిపోయింది. ఆ పులుసును కాచరు. కాల్చిన మిరపకాయలు, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు కలిపి చేత్తో పిసికి అందులో రసం పోస్తారు. రుచంతా పిసకడంలోనే ఉంటుంది. మరిగిస్తే క్రిములు చస్తాయని మా బళ్లో అప్పుడే చెప్పారు. అమ్మ గిన్నెలో చెయ్యి పెట్టబోయింది. నేను ఆ చేతి వైపు చూశాను. ఒక్క క్షణమే చూశాను, చూసి తల తిప్పుకున్నాను. కానీ అమ్మ కనిపెట్టింది. ఆమె చెయ్యి గిన్నె అంచు మీదే ఆగింది. తర్వాత గిన్నెను నా ముందుకు జరిపి, "నువ్వే పిసుకు. నేను జెప్త" అంది. నేనే పిసికాను. వేళ్లు మండాయి. ఎంత రసం పోయాలో, ఎంత నువ్వుల పొడి కలపాలో అమ్మ దూరంగా కూర్చుని చెప్పింది. మూడుసార్లు వడ్డించుకుని తిన్నాను. ఆ రోజు నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. పదకొండేళ్ల పిల్లనని, బళ్లో అట్లా చెప్పారని సమాధానం చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాను కూడా, సిగ్గు పోలేదు.

నాయన వచ్చేసరికి అమ్మ మళ్లీ మంచం మీద ఉంది. ఆయన గిన్నెల మూతలు తీసి చూశాడు. "ఎవరు జేసిన్రు?" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. "నేనే" అన్నాను. పిసికింది నేనే కనుక పూర్తి అబద్ధమేమీ కాదని మనసులో సర్ది చెప్పుకున్నాను. ఆయన కూర్చుని తిన్నాడు. పులుసు రెండోసారి పోసుకున్నాడు. "అచ్చం మీ అమ్మ చేతి లెక్కనే ఉన్నది" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్న అమ్మ కదల్లేదు.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి పొయ్యి అంటుకుని ఉంది. ఆ రోజు గిన్నెలో ఆమె చెయ్యి పెట్టింది, నేను చూడలేదు. అంటే, చూడకుండా ఉండటం నేర్చుకున్నాను. నాలుగు రోజులు పోయాక అది కూడా అక్కర్లేకపోయింది. సాయంత్రం వంట అమ్మది, పేరు నాది, తినడం ముగ్గురిదీ. ఇంట్లో ఉన్న సరుకులు అవే, నాయన పదకొండు నెలలు పప్పూ ఎల్లిపాయ కారమూ చేసిన సరుకులే. వాటితోనే ఒకరోజు ఉల్లిగడ్డ వేసిన పెసరపప్పు, ఒకరోజు పల్లీల తొక్కు, ఒకరోజు మిగిలిన జొన్నపిండిలో నువ్వులు, కారం కలిపి పెనానికి అద్దిన రొట్టె వచ్చేవి. నాయన మిగిలినదాన్ని మర్నాడు క్యారియర్లో పెట్టుకుని ఫ్యాక్టరీకి పోయేవాడు. నా పేరు అక్కడికీ పాకింది. బావి దగ్గర ఆడవాళ్లు "సుగుణకు వంట మస్తు వచ్చిందట" అంటుంటే నేను తేలు కుట్టిన దొంగలా నీళ్లు తోడుకుని వచ్చేదాన్ని. మేనత్త చెవిన పడుతుందేమోనని నా భయం, ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

ఇంకో భయం కూడా ఉండేది. మొదటిరోజు వంటయ్యాక అమ్మ ఉప్పు డబ్బాను పై అరలో పెట్టలేదు. పొయ్యి పక్క గూట్లో, దాని పాతచోటే పెట్టింది. వారం తిరిగేసరికి పసుపు దాని వెనక చేరింది. తర్వాత చింతపండు కుండ కిందికి దిగింది. ఒక్కొక్కటే, రోజు విడిచి రోజు, ఆ ఉర్దూ డబ్బాలు వాటి పాత ఇళ్లకు నడిచి వెళ్లిపోతున్నాయి. ఒక బోల్టు పక్క అరలో పడితే పట్టుకునే మనిషి మా నాయన. ఆయన పొద్దున వంటకు చెయ్యి చాపి, అక్కడ ఏమీ లేక, ఒక్క క్షణం ఆగి, గూట్లోంచి ఉప్పు తీసుకునేవాడు. పప్పులో వేసి మూత పెట్టేవాడు. మగవాళ్లకు ఇంట్లో ఏమీ కనపడదని అమ్మ నాకు ధైర్యం చెప్పింది.

ఇప్పుడు ఆలోచిస్తే ఒకటి వింతగా అనిపిస్తుంది. స్రవంతి వాళ్లింట్లో ఆ డబ్బాలు విప్పి తిన్నప్పుడు అది ఎవరి చేతి వంటో మాలో ఎవరూ అడగలేదు. ఎక్కడ వండారు, ఎవరు కలిపారు, వాళ్ల ఒంట్లో ఎట్లా ఉంది, ఏమీ తెలియదు. పీర్జాదిగూడ నుంచి ఉప్పల్ దాకా ఇన్ని అపార్టుమెంట్లు లేచాయి, రోజూ ఇన్ని డబ్బాలు లిఫ్టులెక్కుతాయి, అందరం హాయిగా తింటున్నాం. తప్పని అనను, నేనూ తిన్నాను. అప్పుడు మాత్రం ఒక్క మనిషి వంటకే భయపడ్డాం, ఆమె పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలిసి. మునుపటి కాలమంతా అమృతమని రాసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ కాలంలో ఇళ్లు తెరిచే ఉండేవి, నిజమే. ఆ తెరిచిన ఇంట్లో మా అమ్మకు వంటిల్లు మూసి ఉండేది.

ఆరు వారాలయ్యాక ఒక ఆదివారం నాయనకు ఫ్యాక్టరీలో సామాను సరిచూసే పని పడింది. మధ్యాహ్నానికి వస్తానని పోయాడు. అమ్మ తీరిగ్గా వండింది. పెసరపప్పు, పచ్చి పులుసు, పల్లీల తొక్కు, మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టిన సల్ల మిరపకాయల వేపుడు. అన్నం దించి ఆమె మంచం మీదికి చేరిందో లేదో నాయన వచ్చాడు, వెంట కృష్ణమూర్తి గారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చి నాయన పైన సూపర్వైజరుగా చేరిన మనిషి. చెప్పకుండా వచ్చినందుకు గుమ్మంలోనే నొచ్చుకుని, అమ్మకు నమస్కారం పెట్టి, "ఆరోగ్యం కుదుటపడిందా అమ్మా?" అని దూరం నుంచే పలకరించాడు. జబ్బు సంగతి స్టోరులో అందరికీ తెలుసు. "మీ అమ్మాయి చేతి తొక్కు మీ ఆయన క్యారియర్లో తిన్నప్పటి నుంచి వద్దామనుకుంటున్నానండీ" అన్నాడు.

వంటింటి గడపకు ఇవతల పీటలు వేసి ఇద్దరికీ నేనే వడ్డించాను. ఆయన మంచి తిండి మనిషి. ప్రతి ముద్దకూ తల ఊపుతూ తిన్నాడు. తొక్కు రెండోసారి వేయించుకుని, "ఇది మా ఆవిడకు చెప్పాలమ్మా. మేము పల్లీ పచ్చడంటాంగానీ ఇట్లా రాదు, మర్నాటికే వాసన వస్తుంది. ఎట్లా చేశావో చెప్పు" అన్నాడు.

నేను గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టాను. "పల్లీలు ఏంచాలె. మిరపకాయలు ఏంచాలె. చింతపండు నీళ్లల్ల నానబెట్టి..."

"నీళ్లా?" మంచం మీంచి అమ్మ గొంతు వచ్చింది. "నీళ్లు తగిల్తే తెల్లారేవరకు ఖరాబైతది. చింతపండు ఉడికే అన్నం కుండ మూత మీద పెట్టాలె. సెగకు మెత్తగైతది. గప్పుడు నూరాలె."

కృష్ణమూర్తి గారు నవ్వాడు. "అదన్నమాట. అమ్మగారు నేర్పుతున్నారు, అమ్మాయి చేస్తోంది."

"ఔ సార్" అన్నాడు నాయన గబుక్కున. "ఆమె చెప్తది, పిల్ల చేస్తది."

ఆ మాటతో సరిపోయేది. అతిథి మర్యాద, నాయన పరువు, నా అబద్ధం, అన్నీ ఆ ఒక్క మాట కింద సర్దుకునేవి. అమ్మ మంచం దిగి వచ్చి నాయన ఎదుట నిలబడింది. చేతులు కొంగులో చుట్టుకుని ఉన్నాయి. "చెప్పుడు కాదు" అంది. "నేనే వండిన. గియ్యాల్నే కాదు, నెలన్నర సంది దినాం నేనే వండుతున్న."

కృష్ణమూర్తి గారి చెయ్యి కలిపిన అన్నంలో ఆగింది. నాయన చెయ్యి కూడా ఆగింది. పెరట్లో ఎవరో బావిలో బొక్కెన వేసిన చప్పుడు వినపడింది. నాయన తల ఎత్తకుండా, "నాకెరుకే" అన్నాడు. అని పళ్లెం నా వైపు జరిపి, "ఇంకింత పులుసు పొయ్యి బిడ్డా" అన్నాడు. కృష్ణమూర్తి గారు కాసేపు పళ్లెం వైపు చూసి, కలిపినంతా మెల్లగా తిన్నాడు. మజ్జిగ వద్దన్నాడు. చెయ్యి కడుక్కుని, "వంట బాగుందమ్మా" అని అమ్మతోనే చెప్పి లేచాడు. తర్వాత మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. అయినా పళ్లెంలో మెతుకు మిగల్చకుండా వెళ్లాడు. ఆ రోజుల్లో అది తక్కువ మర్యాదేమీ కాదు.

నాయన ఆయన్ను రోడ్డుదాకా సాగనంపి వచ్చాడు. అమ్మ అదే చోట నిలబడి ఉంది.

"నీకెరుకనా?" అంది. "ఎప్పటి సంది?"

"ఉప్పు డబ్బ పొయ్యి కాడికి వచ్చిన దినం సంది."

"ఎరుకుండి ఎట్ల తిన్నవ్? పిల్లను ఎట్ల తిననిచ్చినవ్?"

"తెల్లారి దవాఖానకు పోయిన. డాక్టరు సాబ్‌ను అడిగిన. ఏం భయం లేదు, అందరు తినొచ్చు అన్నడు." నాయన తలుపు చెక్కకు ఆనుకున్నాడు. "నిన్ను ఇంటికి పంపిన దినం గూడ గదే చెప్పిండు. వండుకోవచ్చన్నడు. నేనే నీకు చెప్పలే. ఎందుకో నమ్మబుద్ధి కాలే. పిల్ల ఉన్నదని భయమైంది."

"మరి నమ్మినంక?"

"నమ్మినంక చెప్పనీకి మొఖం లేకుండె."

అమ్మ కొంగులోంచి చేతులు బయటికి తీసింది. ఆ తర్వాత మొదలుపెట్టింది. "మూడు నెలలు! మూడు నెలలు నన్ను మంచంల కూసోబెట్టినవ్! వంటింట్ల డబ్బాలు నాకు సమజుగాని రాతలతోని నింపినవ్! నా కడుపున పుట్టిన పిల్ల నా చెయ్యి దిక్కు సూసి బుగులు పడ్డది, ఎరుకేనా నీకు? పులుసు పిసుకబోతే నా చెయ్యి దిక్కు సూసింది! నువ్వు ఆ దినం ఒక్క మాట జెప్తే గట్ల సూస్తుండెనా? ఏం మనిషివి నువ్వు!" గొంతు పెరుగుతూ పోయింది. పక్కింటి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. బావి దగ్గర మాటలు ఆగిపోయాయి. నా సంగతి అట్లా వాడంతా వినేలా బయటపడేసరికి నేను ఎంగిలి పళ్లేలు పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాను. సిగ్గుతో నాయన వైపు చూశాను, ఆయన కూడా నాలాగే తల దించుకుని ఉంటాడని.

ఆయన తల దించుకోలేదు. తిట్లు వింటున్నట్టు కూడా లేడు. ఊపిరి బిగబట్టి అమ్మ ఛాతీ వైపు చూస్తున్నాడు, ఆమె గొంతు పెరిగిన ప్రతిసారీ తలుపు చెక్క గట్టిగా పట్టుకుంటున్నాడు. ఆయన దేనికోసం చూస్తున్నాడో అర్థమై నేనూ చూడటం మొదలుపెట్టాను. అమ్మ ఆయన్ను, ఆయన అక్కను, ఉర్దూ రాతను, నన్ను, ఎవరినీ వదలకుండా తిట్టింది. నాలుగో మాట దాటింది, నలభయ్యో మాట దాటింది. దగ్గు రాలేదు.